క్యాన్సర్‌లా కనిపించే అరుదైన రొమ్ము గడ్డలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: మామోగ్రామ్‌లో గడ్డ అంచులు ముళ్లుముళ్లుగా ఉంటే అది క్యాన్సరే.

ముళ్ల అంచు గట్టి అనుమానానికి కారణం, అంతే. దాంతోనే రోగం ఖాయమైనట్టు కాదు. చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోయే ఏ గడ్డకైనా ఆ రూపం రావచ్చు. గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ అలాంటిదే. నరాలను చుట్టి ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టే ఈ గడ్డను రష్యన్ పాథాలజిస్టు అబ్రికోసోవ్ 1926లో నాలుకపై, 1931లో రొమ్ములో వర్ణించారు. రొమ్ము పైభాగాన, లోపలి వైపు ఎక్కువగా వస్తుంది. చేతికి గట్టిగా తగులుతుంది, ఒక్కోసారి చర్మాన్ని లోపలికి గుంజుతుంది. అల్ట్రాసౌండ్‌లో నల్లగా కనిపిస్తుంది, వెనుక నీడ పడుతుంది. అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులు కూడా దీన్ని క్యాన్సర్‌గానే అనుమానిస్తారు, అలా అనుమానించడమే సబబు. ముక్క తీసి చూస్తే రేణువులు నిండిన కణాలు కనిపిస్తాయి, ఎస్-100 అనే ప్రోటీన్ కోసం చేసే పరీక్ష పాజిటివ్ వస్తుంది. వీటిలో ప్రాణాంతకమైనవి నూటికి రెండుకు మించవు. మిగతావాటికి చుట్టూ కొంత మేర కలిపి గడ్డను తీసేస్తే సరిపోతుంది, కీమోథెరపీ అక్కర్లేదు.

అపోహ: క్యాన్సర్ కాదని తేలితే ఇక పట్టించుకోనక్కర్లేదు.

ఛాతీ కండరాన్ని ఆనుకొని పెరిగే ఫైబ్రోమాటోసిస్ అనే క్యాన్సర్ కాని గడ్డ ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. కానీ తీసేసిన చోటే మళ్లీ రావచ్చు. కండరంలోకి ఎంత లోతుగా దిగిందో ఎంఆర్‌ఐ బాగా చూపిస్తుంది. రొమ్ముకు వచ్చే టీబీ, నిజానికి గడ్డ కాకపోయినా, గడ్డలాగే కనిపిస్తుంది. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో దాన్ని మరచిపోకూడదు, దానికి మందులు వేరు.

అపోహ: నున్నగా, గుండ్రంగా ఉన్న గడ్డతో భయం లేదు.

మ్యూసినస్ క్యాన్సర్లు, కొన్ని ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్లు సరిగ్గా ఇలాగే ఉండొచ్చు.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

ఈ భయంతోనే చాలామంది పరీక్ష వాయిదా వేసుకుంటారు, నష్టమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. సూది దారిలో కొన్ని కణాలు చెదిరినా, దానివల్ల ప్రాణాపాయం పెరిగిన దాఖలా లేదు. ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, 14 గేజ్ సూదితో సేమియా పుల్లల్లాంటి ముక్కలు తీస్తారు. స్కాన్ రిపోర్టులో క్యాన్సర్ అనుమానం ఎంతో తెలిపే బైరాడ్స్ వర్గం 4 అని ఉంటే క్యాన్సర్ అవకాశం 2 నుంచి 95 శాతం దాకా ఎంతైనా కావచ్చు; అంత అంతరాన్ని తేల్చేది ఈ ముక్కలే. ముక్క పరీక్షలో ఏమీ లేదని వచ్చి, స్కాన్ మాత్రం అనుమానాస్పదంగానే ఉంటే, రెండూ పొసగనట్టే. అప్పుడు మళ్లీ ముక్క తీయాలి, లేదా గడ్డనే తొలగించి పరీక్షించాలి.