కలియని వానిని కలుపుట

మా అనకాపల్లి బెల్లమునకు పేరు వడసిన పట్టణము. బెల్లపుముక్కను నీటిలో వేసినచో కరగిపోవును; నూనెలో వేసినచో కరగక నిలుచును. ఏ పదార్థమైనను తనకు తగిన ద్రావణియందే కరగునని దీనివలన తెలియుచున్నది. అట్లయిన, ఒకటి నీటియందును వేఱొకటి స్పిరిటునందును మాత్రమే కరగునపుడు ఆ రెంటిని ఏకము చేయుట యెట్లు? ఈ ప్రశ్నను లక్క, తుమ్మబంకల మూలమున విచారింతము.

చిన్న అణువులు గొలుసుకడియముల వలె ఒకదానితో నొకటి కూడగా నేర్పడిన పెద్ద అణువులు గల పదార్థములను పాలిమరులందురు. తుమ్మబంక యట్టిది. లక్కపురుగులు చెట్టుకొమ్మలపై స్రవించు లక్కలో గొలుసులు పొట్టివైనను అదియు నీ కోవలోనిదే. బంక నీటిలో కరగును, స్పిరిటులో కరగదు. లక్క స్పిరిటులో కరగును, నీటిలో కరగదు.

మేము ఈ రెంటిని వేఱువేఱుగ కరగించి ఒకే సీసాలో పోసితిమి. పోసినంతనే ద్రవము పాలవలె తెల్లబడి, పిదప ముద్దలుగ అడుగంటెను. స్పిరిటును నీరును తమలో తాము చక్కగా కలియును. కాని నీరు చేరిన స్పిరిటు లక్కను నిలుపజాలదు, స్పిరిటు చేరిన నీరు బంకను నిలుపజాలదు. ద్రావణులు కలిసినంతమాత్రమున వానిలో కరగినవియు కలియునని తలచుట మా పొరపాటు.

దీనికి మొదటి యుపాయము, రెంటికిని సరిపడు ద్రావణిని వెదకుట. లక్కలో ఆమ్లగుణము కలదు; కావున వెలిగారము వేసిన వేడినీటిలో అది కరగును. పూర్వపు సిరా తయారుచేయువారు ఇట్లు లక్కను కరగించి, తుమ్మబంకను దీపపుమసిని చేర్చెడివారు. అయితే బంక పలుచగ నుండవలయును. చిక్కని బంకను వెలిగారము పేరుకొనజేయును.

ఇంతటితో చిక్కు తీరలేదు. నీరు ఇంకిపోవునపుడు రెండు జాతుల పాలిమరులు తఱచుగ మరల విడిపోవును. చిన్న అణువులు కలిసినపుడు వాని యమరికలు అసంఖ్యాకముగ పెరుగును; పొడవైన గొలుసులకు అట్టి స్వేచ్ఛ స్వల్పము. కావున వాని నడుమ రవంత వైముఖ్యమున్నను కూటమి చెడును. ఈ సంగతిని ఫ్లోరీ, హగ్గిన్సు అను శాస్త్రజ్ఞులు 1940వ దశకపు ఆరంభమున గణితముచే నిరూపించిరి. ఫ్లోరీకి 1974లో నోబెలు బహుమానము లభించెను.

రెండవ యుపాయము ద్రావణినే విడిచిపెట్టుట. దీనిని చూడగోరువారు మా జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకకు పోవచ్చును. అచ్చటి పనివారు లక్కను నిప్పుసెగపై మెత్తబఱచి, రంగు చేర్చి, సాగదీయుచు పిసుకుదురు. తరువాత తరిమెనపై తిరుగుచున్న అంకుడుకఱ్ఱ బొమ్మకు ఆ లక్కకడ్డీని ఒత్తుదురు. రాపిడివేడికి లక్క కరగి బొమ్మను పట్టుకొనును. సెగ మితిమీరినచో లక్క గట్టిపడి, మరల కరగకుండ పోవును గనుక పనివాని చేతికి మెలకువ వలయును.

ఇందును ఒక భేదమును గుర్తింపవలయును. నీలిమందు నీటిలోను స్పిరిటులోను కరగదు. లక్కలో అది మెత్తని పొడిగ వ్యాపించియుండునే కాని కరగియుండదు. కంటికి ఒకటిగ కనబడినను అణువులలో ఒకటి కాలేదన్నమాట. అయినను పొడి సన్ననిదై, అంతట సమముగ పఱచుకొన్నచో బొమ్మకు అది చాలును.

పసిబిడ్డలు బొమ్మలను నోట పెట్టుకొందురు. కాబట్టి ఏ రంగు, ఏ ద్రావణి వాడితిమన్నది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. చెట్లనుండి తీసిన రంగులతో చేయు ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన విద్యార్థులు ఏ రెండు వస్తువులను కలుపబూనినను, అవి కరగినవా, వ్యాపించినవా, ఎండిన పిదపయు కలిసియుండునా యను మూడు ప్రశ్నలను ముందుగ వేసికొందురు గాక.