ఒక ఆజ్ఞ, రెండు పనులు

హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు రహదారిపై కొత్తకోట యను పట్టణము కలదు. అచ్చటి విద్యార్థులు కొందరు గద్వాల చీరను గూర్చి కంప్యూటరుపై ఒక చిన్న పుస్తకము వ్రాయుచున్నారనుకొనుడు. ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దుదురు. నిన్న కొట్టివేసిన వాక్యము నేడు మరల కావలసివచ్చును. ఇట్టి మార్పులన్నిటిని వరుసగా భద్రపరచు సాధనమే గిట్. లినక్సు నిర్మాతల యక్కరకై లైనస్ టోర్వాల్డ్స్ దానిని 2005లో రచించెను.

అసలు ప్రతి చెడకుండ వేరుగా మార్పులు చేసికొనుటకు గిట్‌లో శాఖలుండును. ఒక శాఖనుండి మరియొక శాఖకు పోవుటకు ‘చెకౌట్’ అను ఆజ్ఞ కలదు. చిత్రమేమనగా, ఒక ఫైలులోని క్రొత్త మార్పులను తుడిచి పాత ప్రతిని నిలుపుటకును అదియే ఆజ్ఞ! శాఖ మారునపుడు భద్రపరచని వ్రాత చెడునట్లున్నచో గిట్ కదలక మొరాయించును. ఫైలును పాతస్థితికి తెచ్చునపుడో, అది అడుగదు, హెచ్చరింపదు.

ఒక బాలిక వృద్ధుడైన నేతగానిని అడిగి, నూలు చీరకు పట్టుటంచును కలుపు విధమును ‘అంచు’ అను ఫైలులో సాయంకాలమంతయు వ్రాసినది, ఇంకను భద్రపరచలేదు. స్నేహితుడు ‘అంచు’ అను శాఖను తెరచియుండునని తలచి, అందులోనికి పోవుటకై ‘చెకౌట్ అంచు’ అని టైపు చేసినది. ఆ శాఖ యింకను పుట్టలేదు. ఆ పేరుగల ఫైలు మాత్రమున్నది. గిట్ దానినే పట్టుకొని పాత ప్రతిని తెచ్చి పెట్టినది. ఆ సాయంకాలపు వ్రాత గిట్‌లో ఎచ్చటను లేదు. భద్రపరచనిదానిని అది తిరిగి ఈయలేదు.

ఈ చిక్కును గిట్ వివరణగ్రంథము ప్రత్యేకముగా విప్పి చెప్పుచున్నది. ఒకే పేరు శాఖకును ఫైలుకును ఉన్నచో ‘చెకౌట్’ శాఖనే గ్రహించును. ఫైలే కావలెనన్నచో పేరునకు ముందు రెండు అడ్డగీతలు విడిగా పెట్టవలెను. ఆ గీతల తరువాత వచ్చునది ఫైలు పేరేయని యర్థము. చిన్న గుర్తే కాని, తెలియనివాని కది కంటికే ఆనదు.

ఎంత వివరించినను పొరపాట్లు మానలేదు. కావున 2019 ఆగస్టులో వెలువడిన 2.23వ రూపమున ఆ పనులను విడదీసి రెండు క్రొత్త ఆజ్ఞలను చేర్చిరి. శాఖ మారుటకు ‘స్విచ్’, ఫైలును పూర్వస్థితికి తెచ్చుటకు ‘రిస్టోర్’. ఆ బాలిక ‘స్విచ్ అంచు’ అని వ్రాసియున్నచో, అట్టి శాఖ లేదని గిట్ చెప్పి యూరకుండెడిది. ఫైలు జోలికి పోకుండెడిది. ‘చెకౌట్’ను మాత్రము తొలగింపలేదు. పాత యలవాటు గలవారు నేటికిని దానినే వాడుచున్నారు.