నిర్మలా సీతారామన్: లండన్‌లో కంపెనీ ఉద్యోగం.. ఢిల్లీలో దేశ ఖజానా! మధ్యలో ఈ ఆంధ్రా సీటు కథేంటి?

పెనుకొండ నుంచి బెంగళూరు వైపు నేషనల్ హైవే 44 మీద వెళ్తుంటే గోరంట్ల మండలం పాలసముద్రం వస్తుంది. అక్కడ 500 ఎకరాల్లో ఒక పెద్ద క్యాంపస్ కనిపిస్తుంది. కస్టమ్స్, జీఎస్టీ శాఖల్లో చేరే ఐఆర్ఎస్ అధికారులకు ట్రైనింగ్ ఇచ్చే జాతీయ అకాడమీ అది. పేరు నాసిన్. 2022 మార్చి 5న ఈ క్యాంపస్ భవనాలకు శంకుస్థాపన చేసింది కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్.

మన జిల్లాకు వచ్చి పునాది రాయి వేసిన ఈ మంత్రి ఒకప్పుడు లండన్‌లో ప్రైవేటు ఉద్యోగి. అక్కడి నుంచి దేశ ఖజానా తాళాల దాకా ఎలా వచ్చారు? ఆ దారిలో ఆంధ్రప్రదేశ్ పాత్ర ఏంటి? వివరంగా చూద్దాం.

సేల్స్ ఉద్యోగం నుంచి సీనియర్ మేనేజర్ దాకా..

నిర్మల 1959 ఆగస్టు 18న మదురైలో పుట్టారు. నాన్న రైల్వే ఉద్యోగి. తిరుచిరాపల్లిలో డిగ్రీ, ఢిల్లీ జేఎన్‌యూలో ఎకనామిక్స్ పీజీ, ఎంఫిల్ చేశారు. అక్కడే పరిచయమైన నరసాపురం వాసి పరకాల ప్రభాకర్‌ను పెళ్లి చేసుకుని తెలుగింటి కోడలయ్యారు. ఆయన చదువు కోసం దంపతులు లండన్ వెళ్లారు.

అక్కడ ఆమె మొదట రీజెంట్ స్ట్రీట్‌లోని ఒక గృహాలంకరణ షోరూంలో సేల్స్ ఉద్యోగం చేశారు. తర్వాత వ్యవసాయ యంత్రాల తయారీదారుల సంఘంలో ఎకనామిస్టుకు అసిస్టెంట్‌గా పనిచేశారు. ఆ తర్వాత ప్రపంచంలోని పెద్ద ఆడిటింగ్, కన్సల్టింగ్ సంస్థల్లో ఒకటైన ప్రైస్ వాటర్‌హౌస్‌లో రీసెర్చ్ విభాగం సీనియర్ మేనేజర్ స్థాయికి వెళ్లారు. కొన్నాళ్లు బీబీసీ వరల్డ్ సర్వీస్‌లోనూ పనిచేశారు.

1991లో ఇండియాకు తిరిగొచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. అక్కడ ప్రజా విధానాలపై పనిచేసే సంస్థలో డిప్యూటీ డైరెక్టర్‌గా ఉన్నారు. 2003 నుంచి 2005 వరకు జాతీయ మహిళా కమిషన్ సభ్యురాలు. తర్వాత బీజేపీలో చేరి 2010లో అధికార ప్రతినిధి అయ్యారు. టీవీ డిబేట్లు చూసేవాళ్లకు ఆమె ముఖం బాగా గుర్తుండిపోయింది అప్పటి నుంచే.

ఆంధ్రా సీటు ఎందుకు కావాల్సి వచ్చింది?

2014 మే 26న మోదీ తొలి కేబినెట్‌లో ఆమె సహాయ మంత్రిగా ప్రమాణం చేశారు. కానీ అప్పటికి ఆమె ఎంపీ కాదు. మరి మంత్రి ఎలా అయ్యారు?

రాజ్యాంగంలోని 75వ అధికరణం ప్రకారం ఎంపీ కాకపోయినా మంత్రి కావచ్చు. కాకపోతే 6 నెలల్లోపు లోక్‌సభకో, రాజ్యసభకో ఎన్నిక కావాలి. లేదంటే పదవి పోతుంది. సరిగ్గా అప్పుడే ఆంధ్రప్రదేశ్ ఆమెకు దారి ఇచ్చింది. టీడీపీ, బీజేపీ పొత్తులో ఉన్న రోజులవి. 2014 జూన్‌లో మన రాష్ట్రం నుంచే ఆమె రాజ్యసభకు వెళ్లారు. 2016 నుంచి కర్ణాటక తరఫున కొనసాగుతున్నారు.

2017 సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి, 2019 మే 31న ఆర్థిక మంత్రి. 1970-71లో ప్రధానిగా ఉంటూనే ఇందిరా గాంధీ ఆర్థిక శాఖ కూడా చూశారు. కానీ పూర్తి స్థాయిలో ఆ శాఖ చేపట్టిన తొలి మహిళ మాత్రం నిర్మలే. 2025 ఫిబ్రవరి 1న ఆమె వరుసగా 8వ బడ్జెట్ చదివారు.

కంపెనీ లెక్క వేరు, సర్కారు లెక్క వేరు

కంపెనీ లెక్కలు తెలిసినవాళ్లు వస్తే ప్రభుత్వం కూడా కంపెనీలా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంత సులువు కాదు.

మొదటిది, సైజు. 2025-26 బడ్జెట్ మొత్తం రూ.50.65 లక్షల కోట్లు. అందులో పాత అప్పుల వడ్డీలకే రూ.12.76 లక్షల కోట్లు. అంటే ప్రతి 4 రూపాయల్లో ఒక రూపాయి వడ్డీకే పోతోంది. మంత్రి ఎంత తెలివైనవారైనా ఆ రూపాయిని ఆపలేరు.

రెండోది, ఒక్కరి మాట చెల్లదు. కంపెనీలో బాస్ సంతకం పెడితే పని అయిపోతుంది. జీఎస్టీ విషయంలో కేంద్ర ఆర్థిక మంత్రి కౌన్సిల్‌కు చైర్‌పర్సన్ మాత్రమే. ఓటింగ్ జరిగితే కేంద్రం వాటా మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయమైనా పాస్ కావాలంటే నాలుగింట మూడు వంతుల మద్దతు ఉండాలి. ఆ కౌన్సిల్‌లో ఏపీ తరఫున కూర్చునేది ఎవరో తెలుసా? మన ఉమ్మడి అనంతపురం జిల్లా ఉరవకొండ ఎమ్మెల్యే, రాష్ట్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్.

మూడోది, ఆ నిర్ణయం నేరుగా మన ఊరి మీద పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు వచ్చాయి. పెనుకొండ ఎర్రమంచిలోని కియా ప్లాంటులో తయారయ్యే సోనెట్‌పై, సెస్సుతో కలిపి 29-31 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. సెల్టోస్‌పై 45 శాతం నుంచి 40కి తగ్గింది. ధర్మవరం పట్టు చీరపై మాత్రం 5 శాతం అలాగే ఉంది. ప్లాంటులో షిఫ్టుకెళ్లే కుర్రాడికైనా, మగ్గం గుంతలో కూర్చునే నేతన్నకైనా ఈ అంకెలు ఉత్త లెక్కలు కావు.

పోటీ చేయలేనన్న ఆర్థిక మంత్రి

2024 ఎన్నికల ముందు జరిగిన ఒక విషయం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆంధ్రప్రదేశ్ లేదా తమిళనాడు నుంచి లోక్‌సభకు పోటీ చేయమని పార్టీ అడిగితే, వారం పది రోజులు ఆలోచించి వద్దన్నానని ఆమే చెప్పారు. ఎన్నికల్లో నిలబడేంత డబ్బు తన దగ్గర లేదన్నారు. దేశ ఖజానా తనది కాదు, తన జీతం, తన పొదుపు మాత్రమే తనవని వివరణ ఇచ్చారు.

ఒక్కసారి ఆలోచించండి. మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 2024లో చట్టం పెట్టిన పరిమితి రూ.95 లక్షలు. దేశానికి బడ్జెట్ రాసే మనిషే పోటీకి డబ్బు లేదంటే, హిందూపురంలోనో ధర్మవరంలోనో మామూలు టీచరో, నేతన్నో, బ్యాంకు క్లర్కో నామినేషన్ వేయాలని కల అయినా కనగలరా?

కెనడాలో ఏం జరిగింది?

ఇలాంటి కథే కెనడాలో వేరేలా నడిచింది. మార్క్ కార్నీ 13 ఏళ్లు గోల్డ్‌మన్ శాక్స్‌లో పనిచేశారు. తర్వాత కెనడా, ఇంగ్లండ్ సెంట్రల్ బ్యాంకులకు గవర్నర్‌ అయ్యారు. 2025 మార్చి 14న ప్రధాని అయ్యేనాటికి ఆయన కూడా ఎంపీ కాదు. కానీ వెంటనే ఎన్నికలకు వెళ్లారు. ఏప్రిల్ 28న సొంత సీటు గెలిచి, పార్టీనీ గెలిపించారు. ఆరున్నర వారాల్లోనే జనం ముందు పరీక్ష రాసేశారన్నమాట.

మన దగ్గర రాజ్యసభ దారి తప్పేమీ కాదు. 1991లో మన్మోహన్ సింగ్ కూడా ముందు ఆర్థిక మంత్రి అయి, తర్వాతే రాజ్యసభకు వచ్చారు. ఎన్నికల ఖర్చు భరించలేని నిపుణులను ప్రభుత్వంలోకి తెచ్చే తలుపు అది. కానీ ఆ తలుపులోంచి వచ్చినవాళ్లను మన ఊరి రోడ్డు మీద నిలబెట్టి ప్రశ్నించే అవకాశం ఓటరుకు ఉండదు. వాళ్లను పంపేది ఎమ్మెల్యేలు.

కాబట్టి ప్రశ్న అడగాల్సింది ఎవరిని? మన ఎమ్మెల్యేనే. రాజ్యసభకు ఓటేసేదీ ఆయనే, ఆమే. పాలసముద్రం క్యాంపస్ 2024 జనవరి 16న ప్రధాని చేతుల మీదుగా ప్రారంభమైంది. దేశమంతా పన్ను వసూలు చేసే అధికారులు మన గోరంట్ల మండలంలోనే పాఠాలు నేర్చుకుంటున్నారు. ఆ పన్ను ఎంత, ఎందుకు, ఎవరి ఖర్చుకు అని అడగడం మనం కూడా నేర్చుకోవాలి.