మూలబడిన కంప్యూటరునకు లినక్సు

వేరుసెనగ స్వపరాగ సంపర్కముచే గింజకట్టు పైరు. కావున జాగ్రత్తగా నేరి దాచిన కాయ మరుసటి యేట ఆ జాతినే మరల నిచ్చును. అదనున అప్పుచేసి విత్తనము కొనవలసిన యగత్యము తగ్గును. అనంతపురపు మెట్టరైతునకు ఈ సంగతి క్రొత్త గాదు. కంప్యూటరు విషయమునందును అట్టి సొంత విత్తన మొకటి గలదని సభ్యులకు తెలుపుటయే మా యుద్దేశము.

పంట ప్రదర్శనలకై గ్రామములకు పోవునపుడు, సంఘపు కచ్చేరీలలో గోనెపట్ట కప్పి మూలనుంచిన కంప్యూటర్లను మేము చూచుచున్నాము. వానిలో పెక్కింట యంత్రము చెడలేదు. దానిని నడపు ఆపరేటింగు సిస్టమునకు కాలము తీరినది. విండోసు 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 పెక్కు పాత యంత్రములను అంగీకరింపదు. క్రొత్తవి కొనుట చిన్న సంఘమునకు భారము. రక్షణ లేని యంత్రములో సభ్యుల అప్పుల వివరము లుంచుట అపాయకరము.

ఇందులకు లినక్సు మంచి మార్గము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గారు ప్రకటించిన గ్నూ ప్రయత్నమును, 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ గారు వెలువరించిన లినక్సు మూలమును కలిసి ఇది యేర్పడినది. దీనికి వెల లేదు. అంతకన్న ముఖ్యమైనది, నకలు తీసి పంచుకొను హక్కు అందరికిని గలదు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెలుగులో సిద్ధపరచిరి. దీని భాండారములలో పోతన, వేమన యను పేర్ల తెలుగు అక్షరరూపములును దొరకును. కదిరి చేరువ కటారుపల్లెలో సమాధియైన వేమన పేరు మన కచ్చేరీ యంత్రమున వెలయుట సంతోషకరము.

పని క్రమము ఇది. ముందుగా కంప్యూటరులోని కాగితము లన్నింటిని వేరొక డిస్కునకు నకలుచేసి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. లినక్సు మింటు ఎక్స్ఎఫ్‌సీఈ రకమునకు 64 బిట్ల యంత్రము, కనీసము 2 జీబీ జ్ఞాపకము, 20 జీబీ చోటు కావలెను. 4 జీబీ యున్న సుఖము. దానిని అసలు తయారీదారుల స్థానమునుండియే దింపుకొని, వారిచ్చిన సరిచూపు సంఖ్యతో పోల్చవలెను. పెన్‌డ్రైవునకు ఊరక నకలుచేసిన చాలదు. ఎచర్ వంటి సాధనముతో వ్రాయవలెను. వ్రాయునపుడు పెన్‌డ్రైవులోని పాతవి చెరిగిపోవును. పిదప యంత్రమును దానినుండి మొదలిడి, స్థాపింపకయే నడిపి, ప్రింటరు, ఇంటర్నెట్టు, తెలుగు వ్రాత సరిగా నున్నవో చూడుడు. తృప్తి కలిగినపిమ్మటనే, కరెంటు నిలకడగా నున్న వేళ, స్థాపింపుడు.

ఒక్క హెచ్చరిక. సంఘపు లెక్కల ప్రోగ్రాము విండోసునందే నడచునదైనచో ఆ యంత్రము జోలికి పోరాదు. ఉత్తరములకు, తీర్మానములకు, ధరవరలకు, వాతావరణ సూచనలకు వాడు తక్కిన యంత్రములతో మొదలిడుట మేలు.

ఇంటర్నెట్టు మందముగా నుండు పల్లెలలో ప్రతివారును దింపుకొన నక్కరలేదు. పట్టణమునందలి సంఘ మొకటి తెచ్చిన పదిసంఘములకు చాలును. వేరుసెనగ విత్తనము పంచినకొలది గాదె తరుగును. ఈ విత్తనము తరుగదు. పంచుకొనుటయే సహకారమని నమ్మిన మనము దీనిని మూలనుంచుట తగదు.