పేగు జారితే

నాన్న తమిళంలో ‘కుడలిఱక్కం’ అంటారు, అమ్మ తెలుగులో ‘పేగు జారింది’ అంటుంది. హెర్నియా అంటే అదే. కానీ అసలు లోపం పేగుది కాదు, పొట్ట కండరాల గోడది. అక్కడ సందు పడితే లోపలిది బయటికి తోసుకొస్తుంది.

అమ్మకు పాత సిజేరియన్ కుట్టు దగ్గర వచ్చింది. దగ్గితే ఉబ్బు, పడుకుంటే మాయం. నొప్పి లేదని వాయిదా వేస్తూ వచ్చింది. బెల్టు ఉబ్బును అణిచిపెడుతుందే గానీ సందును పూడ్చదు. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగుకు రక్తం ఆగిపోవచ్చు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అంతదాకా ఎందుకని ఆపరేషన్‌కు ఒప్పించాం.

సందుపై వలలాంటి మెష్ పెట్టి కుట్టారు. మర్నాడే నడిపించారు. 6 వారాలు బరువులు ఎత్తొద్దన్నారు. ఆ మాట అమ్మతో అన్నారు గానీ, వినాల్సింది మేమే. నీళ్ళ బిందె, తడిబట్టల బకెట్టు నాన్నా నేనూ వంతులేసుకున్నాం.