ఇంటిపేరొకటి, వంశాలు నాలుగు

తెలుగు చెప్పుకుని బ్రతికేవాడికి బాక్టీరియాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. సంబంధం లేకపోలేదు. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికితే, పరిష్కర్త వాటిని దస్తూరీ అందం చూచి జతపరచడు. ఏ లేఖకుని తప్పు ఏయే ప్రతులలో ఉన్నదో చూస్తాడు. ఒకే రకం తప్పులు రెండింటిలో కనబడితే అవి ఒక తల్లి బిడ్డలని గుర్తు. శాస్త్రజ్ఞులు బాక్టీరియాల వంశం తేల్చేదీ ఇంచుమించు ఇలాగే.

మొదటి ప్రపంచయుద్ధంలో పొగలేని తుపాకిమందు తయారీకి బ్రిటనులో అసిటోన్ కరువయింది. మాంచెస్టరులో రసాయనశాస్త్రం బోధించే ఖైమ్ వైజ్మన్ (1949లో ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడైనది ఈయనే) మొక్కజొన్న గంజిని పులియబెట్టి అసిటోన్, బ్యూటనాల్ ఇచ్చే బాక్టీరియాను కనిపెట్టాడు. దానికి క్లాస్ట్రిడియం అసిటోబ్యుటిలికం అని పేరు స్థిరపడింది. తరువాత గంజికంటె చక్కెర మిల్లుల మడ్డి చౌక అని, మడ్డిని పులియబెట్టే బాక్టీరియాలను కంపెనీలు వెదకి తెచ్చుకున్నవి. చేసే సరుకు ఒకటే గనుక, వాటిలో చాలావాటికి అదే పేరు అంటుకున్నది.

పెట్రోలియం నుంచి ఆ ద్రవాలు చౌకగా రావడంతో కార్ఖానాలు చాలావరకు మూతబడ్డవి. 1970 తరువాత నూనె ధరలు మండిపోగా, పెరుగుతోడులా దాచి ఉంచిన ఆ బాక్టీరియాలను మళ్ళీ బయటికి తీశారు. పేరు ఒకటే, గుణాలు మాత్రం పొసగలేదు.

న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జోన్స్ బృందం వంశవిచారణకు దిగింది. రెండు బాక్టీరియాల డి.ఎన్.ఎ. పోగులను వేడిచేసి విడదీసి, కలిపి చల్లార్చితే, దగ్గర చుట్టాల పోగులు అల్లుకుంటవి, దూరపువారివి అల్లుకోవు. నూటికి 70 పాళ్ళయినా కలిస్తేనే ఒక జాతి అని లెక్క. 1995లో, 2001లో వారు ప్రకటించిన ఫలితాలతో తేలినది ఇది: అవి ఒక జాతి కాదు, నాలుగు. గంజి బాక్టీరియాకు పాతపేరు దక్కింది. మిగిలిన మూడూ తమలో తాము దగ్గర చుట్టాలు. మొదటిదానికి మాత్రం చాలా దూరం.

ఇందువల్ల ఒరిగిందేమిటంటారా? అసిటోబ్యుటిలికంలో ఈ ద్రవాలు చేసే ముఖ్యమైన జన్యువులు క్రోమోజోములో లేవు. ప్లాస్మిడ్ అనే విడి డి.ఎన్.ఎ. చక్రంలో ఉన్నవి. తరం వెంట తరం పెంచుతూ పోతే ఆ చక్రం జారిపోవచ్చు. అప్పుడు బాక్టీరియా నిక్షేపంగా బ్రతుకుతుంది, అసిటోను మాత్రం రాదు. మడ్డి బాక్టీరియాలలో ఒకటైన బైజరింకీలో అవే జన్యువులు క్రోమోజోములోనే ఉన్నవి. అది సరుకివ్వడం మానితే కారణం వేరే వెదకాలి. ఒకదాని జబ్బుకు మరొకదాని మందు వేస్తే తొట్టెడు సరుకూ నేలపాలే.

కనుక బాక్టీరియాను పనిలో పెట్టుకునేవారు ముందుగా అడగవలసింది పెళ్ళిళ్ళ పేరయ్య అడిగే ప్రశ్నే: "ఇంటిపేరు సరేనండీ, తమరిది ఏ వంశం?"