నొప్పిని జ్ఞాపకము కొలుచు తీరు

మూత్రపిండములోని రాయిని కోతలేకుండ పగులగొట్టించుకొన్న పాఠకులొకరు, తమ చికిత్స ప్రక్క మంచము వారిదానికంటె చాలసేపు సాగినను తామంతగా బాధపడినట్లు తోచలేదనియు, ఆయన మాత్రము ప్రాణముపోయినను మరల ఆ గడప త్రొక్కననుచున్నాడనియు వ్రాసి, కారణమడిగినారు. ఇట్టి ప్రశ్నను విడిచిపెట్టుట నా వశముకాదు.

వెలుపల పుట్టించిన ఆఘాతతరంగములను రాతిపై కేంద్రీకరించి, దానిని మూత్రముతో వెడలిపోవునంతటి ముక్కలుగా చేయు లితోట్రిప్సీని 1980లో మ్యూనిక్ నగరమున మొదటిసారి రోగిపై ప్రయోగించిరి. యంత్రమును గూర్చి ఇంత చాలును.

సుఖదుఃఖములను క్షణక్షణమును కొలిచి కూడినచో మొత్తము తేలునని 1881లో ఎడ్జ్‌వర్త్ అను ఆర్థికశాస్త్రవేత్త వ్రాసెను. అతనికి ముందు తత్త్వవేత్త బెంథామును బాధకు కాలపరిమాణమొక ప్రధానమైన కొలత యనెను. ఈ గణితమున దోషము లేదు. మనుష్యుని జ్ఞాపకము ఆ గణితమును చేయదు, అంతే. టొరంటో వైద్యుడు రెడెల్మియరును, తరువాత నోబెల్ బహుమానము నందిన మనస్తత్త్వవేత్త కానమనును, పెద్దప్రేగును గొట్టముతో పరీక్షించు కొలనోస్కోపీ చేయించుకొనిన 154 మందిచేతను, లితోట్రిప్సీ చేయించుకొనిన 133 మందిచేతను నిమిషనిమిషమునకు నొప్పికి అంకె వేయించి, పిదప మొత్తముమీద ఎంత బాధ కలిగినదని అడిగి, 1996లో ఫలితములను ప్రకటించిరి. రోగుల తీర్పును నిర్ణయించినవి రెండే: నొప్పి శిఖరమునంటిన క్షణము, చివరి మూడు నిమిషముల తీవ్రత. చికిత్స ఎంతసేపు సాగినదన్న సంగతి ఇంచుమించు లెక్కకే రాలేదు!

ఒకడు పది నిమిషములు ఏడవ అంకె నొప్పిననుభవించి లేచిపోయెననుకొందము. రెండవవాడు ఆ పది నిమిషములను అట్లే యనుభవించి, మరి పది నిమిషములు క్రమముగా రెండవ అంకెకు దిగు నొప్పిని గూడ భరించెననుకొందము. ఎడ్జ్‌వర్త్ లెక్కలో రెండవవాడే దురదృష్టవంతుడు. జ్ఞాపకము లెక్కలో మొదటివాడు. ఇది ఊహమాత్రము కాదు. 2003లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, 682 మంది కొలనోస్కోపీ రోగులలో ఇంచుమించు సగము మందికి చివర గొట్టపు కొనను కొంతసేపు కదల్పక లోపలనే యుంచిరి. బాధాకాలము పెరిగినను వారే తక్కువ బాధపడితిమని చెప్పిరి.

లితోట్రిప్సీలో తరంగములను తక్కువ బలముతో మొదలిడి క్రమముగా హెచ్చించుట రాయి పగులుటకును, మూత్రపిండమునకు గాయము తగ్గుటకును మేలని వైద్యులెరుగుదురు. అనగా రాతికి హితమైన క్రమమే జ్ఞాపకమునకు అహితము. శిఖరమును, ముగింపును ఒక్కచోటనే పడును. ప్రక్క మంచము వారి గతి బహుశః ఇదియే. క్రమమును తలక్రిందులు చేయుమని నేననను. కాని ఆ చివరి ఘట్టమునకు చాలినంత నొప్పిమందీయని యాసుపత్రి, రోగి గుమ్మము దాటువేళ సంతృప్తి ఫారమును మాత్రము మరువక చేతికిచ్చి, అందలి అంకెలను నొప్పి కొలతలుగా గోడకంటించుట నాకు బొత్తిగా రుచింపదు.